నాలుగణాల కోత

మూడేళ్లు ఆ గోడ పక్కనే కూర్చున్నాను.
బీఏ, రెండో బెంచీ, వరండా వైపు.
బెంచీ ఎక్కితే అందేంత ఎత్తున
వేలు పట్టేంత కన్నం.
బల్లులదనుకునేవాళ్లం.
శ్యామల దాంట్లో చిట్టీలు దాచేది.
పరీక్షల ముందు సబీహా రూపాయి బిళ్ల వేసి
కళ్లు మూసుకునేది.
అవతల ఎవరికి చేరేదో
ఎవరమూ అడగలేదు.

కోఠీలో మా కాలేజీ అంటే
తెల్లటి స్తంభాలు, మెట్లకిరువైపులా సింహాలు,
సింహం మూతి మీద చెయ్యేసి ఫోటోలు.
దొరలున్న ఇల్లని తెలుసు.
తెలియడమంటే,
ఆషాఢం బోనాలని తెలిసినట్టు తెలియడం,
దాని గురించి రాత్రి నిద్ర పోవడం మాత్రం మానం.
ఇప్పుడది యూనివర్సిటీ. బోర్డు కొత్తది.
నా పరిశోధన దాని మీదే:
ఎవరి సొమ్ముతో లేచింది,
ఎవరి రెక్కల మీద నిలిచింది.

తార్నాక ఆర్కైవ్స్‌లో
మొగులయ్య తెచ్చిన గుడ్డమూట విప్పితే
ముందు దగ్గు వచ్చింది, తర్వాత చరిత్ర.
కుంఫిణీ వారి ఖర్చుల పద్దు.
షాండ్లియర్లకు నూనె ఇంత, వైను పీపాలకు ఇంత.
గుర్రాల ఉలవలకు నెలకు అరవై రెండు రూపాయలు.
పంకా కూలీలు ఎనమండుగురికి కలిపి ఇరవై నాలుగు.
గుర్రాల్లో ఒకదాని పేరు డచెస్.
కూలీలకు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు.

మూడో నంబరుకు, మే నెలలో, నాలుగణాల కోత.
కారణం గడిలో ఇంగ్లీషు ముక్క: పనిలో నిద్ర.

ఆ రాత్రి విందు జరిగి ఉంటుంది.
తాడు ఆగగానే ఎవరి మెడ మీదో
ఒక చెమట బొట్టు జారి ఉంటుంది.
అంతకు మించి
సామ్రాజ్యానికి జరిగిన నష్టమేదీ
పద్దులో నాకు దొరకలేదు.

అప్పుడు గుర్తొచ్చింది కన్నం.

ఆటోకు నూటయాభై,
ఫెలోషిప్ అంది నాలుగు నెలలు,
అయినా వెళ్లాను.
శిథిలమని ఆ గదికి తాళం.
వాచ్‌మన్‌ను బతిమాలి, విరిగిన కుర్చీ ఎక్కి
వేలు పెట్టాను.
కింది అంచు నున్నగా లోపలికి అరిగి ఉంది,
చేద తాడు ఒరిపిడికి బావి గట్టు అరిగినట్టు.
శ్యామల చిట్టీ ఒక్కటీ లేదు.

షికస్తా రాత చదవగలిగినవాళ్లలో
నాకు తెలిసింది ఫర్హత్ మేడమ్ ఒక్కరే.
మున్షీ రాసుకున్న ఫార్సీ నకలు ముందు పెట్టాను.
భూతద్దం, చల్లారిన చాయ్, చాలాసేపు.
"కారణం ఖ్వాబ్ అని రాశాడు బేటా.
నిద్ర అనుకోవచ్చు.
కల అని కూడా."
ఏది రాయమంటారు మేడమ్?
"మున్షీని అడుగు," అని నవ్వి
కళ్లజోడు కొంగుతో తుడుచుకున్నారు.

ఇంగ్లీషు ఉంది, ఫార్సీ ఉంది.
ఆయన ఏ భాషలో కలగన్నాడో ఆ భాష
ఆ మూటలో ఎక్కడా లేదు.
జీతం ముట్టినట్టు అడుగున నిశానీ:
వంకర గీత ఒకటి, కొసన ముడి.
తాడేమో.
వాళ్లూరి వాగేమో.
ఇదంతా రాసిస్తే మా గైడ్
మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒకే మాట రాశారు:
ఆధారం?

మళ్లీ మే. ఆర్కైవ్స్‌లో కరెంటు పోయింది.
ఫ్యాను మూడు చుట్లు తిరిగి ఊరుకుంది.
పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్న మొగులయ్య
స్టూలు గోడకు జరుపుకుని
"ఒక్క నిమిషం కండ్లు మూస్త మేడమ్," అన్నాడు.
అయిదు దాటింది.
గది మూయాల్సింది, రిజిస్టర్‌లో టైమ్ వేయాల్సింది ఆయనే.
పెదవులు కదులుతున్నాయి. కుడిచేతి వేళ్లు కూడా.
పేజీ తిప్పితే చప్పుడవుతుందని
మూడో నంబరు దగ్గరే
ఆగి ఉన్నాను.